చివరిసారి కనబడిన రోజు

గున్‌వోర్ ఎస్కెలాన్ బల్ల పక్కన
ఆరేళ్ళు లెక్కల మిషన్ తిప్పాను నేను.
ఆ పిడి ఒరుసుకుని కాసిన కాయ
ఇప్పటికీ నా కుడి అరచేతిలో ఉంది.
ఆమె గురించి చెప్పడానికి నా అర్హత అంతే.

ఆమెది వార్దో. నార్వేకి ఆ కొసన,
నవంబరులో మునిగిన సూర్యుడు
జనవరి దాకా మొహం చూపించని దీవి.
తండ్రి రేవులో తూకం గుమాస్తా,
కాడ్ చేపల్ని ఇరవయ్యేసి కట్టలు కట్టించి
పలక మీద గీతలు పెట్టేవాడట.
"ఎంచనిది అమ్మకు, చూడనిది ఎంచకు"
ఆయన నేర్పిన పాఠం ఇదొక్కటే.
రెండో సగాన్ని కూతురు బతుకంతా కాదంటూనే వచ్చింది.

నలభై రెండు ఫిబ్రవరిలో
ఓలెసుండ్‌లో పనికి చేరిన తమ్ముడు ఐలిఫ్
మరో నలుగురితో షెట్లాండ్ వైపు పడవ వేసుకుని పోయాడు,
జర్మన్ల కాపలా దీపం తిరిగే రెండు చుట్ల మధ్య.
తర్వాత పత్తా లేదు.
చర్చి రిజిస్టరులో పుట్టిన తేదీ ఉంది,
దాని పక్క గడి ఖాళీ.
ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూశానని
ఒక్కసారే చెప్పింది నాతో.
కాగితం అక్కడ మిగతా చోటికంటే చల్లగా ఉందట.

బెర్గెన్ వానల్లో, మత్స్యకారుల బీమా కచేరీలో
నాలుగు వేల నూట పదహారు మంది
అట్ట కార్డులై నిలబడి ఉండేవాళ్ళు.
చచ్చినవాళ్ళు నీలం, ఉన్నవాళ్ళు పసుపు,
ఏ రంగూ దక్కనివాళ్ళు
సబ్బుల పెట్టెలో, బల్ల కింద.
డైరెక్టరు రీబర్ అన్నాడు:
"పారేయండి. లేదా చచ్చారని రాయండి.
లెక్క తేలాలి కదా."

ఆమె గొంతు పెంచలేదు.
"పారేస్తే సముద్రం మంచిదైపోతుంది.
చంపేస్తే మనం దానికంటే చెడ్డవాళ్ళమవుతాం.
ఖాళీ వేరండీ, సున్నా వేరు.
చివరిసారి కనబడిన రోజు దాకా మనిషి ఉన్నాడు.
అంతవరకే రాద్దాం.
కానీ, అంతవరకూ రాద్దాం."

అలా పుట్టింది ఆ మెట్ల గీత.
చావు దగ్గర ఒక మెట్టు దిగుతుంది.
గల్లంతు దగ్గర దిగదు,
సన్నని నిలువు గాటు పెట్టించుకుని ముందుకు పోతుంది.
ఆ తర్వాతి మెట్టు మాత్రం కాస్త లోతు,
మిగిలినవాళ్ళే అందరి బరువూ మోయాలి కనక.

పదకొండు పేజీల వ్యాసం
ఓస్లో నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది,
రెండోసారి కాఫీ మరకతో.
అచ్చయ్యాక ఏడేళ్ళు ఎవరూ ఊసెత్తలేదు.
ఆపైన క్షయ ఆసుపత్రులు ఉత్తరాలు రాశాయి,
బల్బులు ఎన్నాళ్ళు వెలుగుతాయో తేలని ఫ్యాక్టరీలు రాశాయి.
పతకం ఇచ్చిన సాయంత్రం విందుకి వెళ్ళి,
ఊలు మేజోడుకి చిల్లుందని
గుమ్మంలో బూట్లు విప్పనంటే విప్పనంది.

ఒక మార్చిలో తల్లి వచ్చింది,
తడిసిన రుమాలు తలకి, పెన్షన్ వాళ్ళ కాగితం చేతికి.
ఐలిఫ్ చనిపోయినట్టు సంతకం కావాలి.
"నీకొచ్చిన విద్యే కదా, చెప్పు.
ఇప్పటికి ఎంత శాతం?"
పిడి మీద నా చెయ్యి ఆగింది.
గున్‌వోర్ చాలాసేపు కిటికీ అద్దం తుడిచింది.
"నాలుగు వేల మందికైతే చెప్పగలనమ్మా.
ఒక్కడికి చెప్పే లెక్క నా దగ్గర లేదు."
ముసలావిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.
సంతకం ఎవరూ చెయ్యలేదు.

ఆమె పోయాక బీరువా సర్దింది నేనే.
చేత్తో గీసిన మొట్టమొదటి గీత దొరికింది.
మూడొందల చిల్లర గాట్లు, అన్నీ నల్ల సిరా.
ఇరవై రెండేళ్ళ మూడు నెలల దగ్గర మాత్రం
ఒకటి ఎర్రగా.

గీసిన రోజే అడిగాను, గుర్తుంది.
"నల్ల సిరా అయిపోయింది" అంది.

దాని పక్క గాటు నల్లదే.